ఆరుగురు పక్కనుంటే భయమెలా వేస్తుంది? జెరికో లాంటి గేములపై ఆటగాళ్ల మాట ఎందుకు కలవదు

విజయవాడలో కంప్యూటర్ గేములతో పెరిగిన ఒక తరం ఉంది. గవర్నర్‌పేట, ఏలూరు రోడ్డు వైపు నెట్ సెంటర్లలో గంటల లెక్కన కౌంటర్ స్ట్రైక్ ఆడి, ఇంజనీరింగ్‌లో చేరాక ప్రాజెక్టు పనికని చెప్పి ఇంట్లో గ్రాఫిక్స్ కార్డు కొనిపించుకున్నవాళ్లు. వాళ్లు నలుగురు కూర్చున్న చోట ‘జెరికో’ పేరెత్తితే మాట వెంటనే రెండుగా చీలుతుంది. "అదో చెత్త మామా, పడిపోయినోళ్లని లేపడంతోనే సరిపోద్ది" అంటారు ఒకరు. "ఆ ఐడియా మళ్లీ ఏ గేమ్‌లో చూశాం చెప్పు" అంటారు ఇంకొకరు. పర్లేదు అనే మాట మాత్రం నాకు పెద్దగా వినపడలేదు. విచిత్రం ఏమిటంటే, గేమ్ వచ్చిన కొత్తలో విమర్శకులు ఇచ్చిన మార్కుల సగటు 100కి 60 చిల్లర. అంటే అచ్చంగా పర్లేదనే. ఆడినవాళ్లలో ఎవరూ అనని మాట సగటు తీస్తే బయటపడింది.

ఈ చీలిక ఒక్క జెరికోకే వచ్చిన ఇబ్బంది కాదు. దెయ్యాలు, తుపాకులు, వెంట ఒక స్క్వాడ్ (జట్టు), ఈ మూడూ కలిసిన గేములన్నిటికీ ఉంది. ఎవరి రుచి వాళ్లది అని వదిలేయొచ్చు గానీ, అలా వదిలేస్తే అసలు సంగతి కనపడదు. ఈ రకం గేములో పుట్టుకతోనే ఒక తగువుంది. భయం పుట్టాలంటే మనిషి ఒంటరిగా ఉండాలి. స్క్వాడ్ అన్నాక పక్కన మనుషులుండాలి. రెండిట్లో దేన్ని తగ్గించాలి, ఎలా తగ్గించాలి అన్న దగ్గరే ప్రతి గేమూ ఒక దారి పడుతుంది. మెచ్చుకునేవాళ్లు, తిట్టేవాళ్లు విడిపోయేది కూడా ఆ మలుపులోనే.

ముందు గేమ్ సంగతి చెప్పాలి, ఎందుకంటే ఇప్పటి పిల్లలకి దీని పేరు కూడా తెలియదు. ‘క్లైవ్ బార్కర్స్ జెరికో’ 2007 అక్టోబర్‌లో వచ్చింది. తయారుచేసింది స్పెయిన్‌లోని మెర్క్యురీస్టీమ్, విడుదల చేసింది కోడ్‌మాస్టర్స్. పీసీ, ప్లేస్టేషన్ 3, ఎక్స్‌బాక్స్ 360 మీద ఆడేవాళ్లు. కథ హారర్ రచయిత క్లైవ్ బార్కర్‌ది. ఆదాము హవ్వల కంటే ముందే దేవుడు ఒక ప్రాణిని చేశాడట. ఆడా కాదు, మగా కాదు. అది తనకే నచ్చక పాతాళంలాంటి ఒక చెరలో పడేశాడట. దాని పేరు ఫస్ట్‌బార్న్. అది బయటికి రాబోయిన ప్రతిసారీ ఏడుగురు వెళ్లి ప్రాణాలొడ్డి వెనక్కి నెడతారు. ఆ కాలం ముక్క కూడా దాంతోపాటు చెరలోనే చిక్కుకుపోతుంది. అందుకే ఎడారిలో అల్ ఖాలీ అనే పాడుబడ్డ నగరంలోకి అడుగుపెట్టిన బృందం రెండో ప్రపంచ యుద్ధం, క్రూసేడ్లు, రోమన్ కాలం, చివరికి సుమేరియా, ఇలా పొర తర్వాత పొర కాలంలో కిందికి దిగుతూ పోతుంది. కథ బాగుంది. తిట్టేవాళ్లు కూడా ఆ మాట ఒప్పుకుంటారు.

బృందంలో ఏడుగురు. నాయకుడు కెప్టెన్ డెవిన్ రాస్. మనం ఆడేది అతనిగానే. ఆట మొదలైన కొంతసేపటికి రాస్ చచ్చిపోతాడు. గేమ్ అక్కడ ఆగదు, అక్కడే మొదలవుతుంది. అతని ఆత్మ మిగిలిన ఆరుగురిలో ఎవరి ఒంట్లోకైనా దూరగలదు. తుపాకీ గుండుని మనసుతో తిప్పగల అబిగెయిల్ బ్లాక్, చేతిలో అగ్నిభూతాన్ని మోసే డెల్గాడో, తన నెత్తురుతోనే మంత్రం వేసి శత్రువుని కట్టేసే బిల్లీ చర్చ్, కాలాన్ని నెమ్మది చేసే సిమోన్ కోల్, ఆత్మరూపంలో బయటికి తిరిగొచ్చే జోన్స్, గాయాలు మాన్పే ఫాదర్ రాలింగ్స్. ఒక బటన్ నొక్కితే వీళ్లలో ఒకరి నుంచి ఇంకొకరిలోకి వెళ్లిపోతాం.

దీన్ని తెలుగువాళ్లకి ప్రత్యేకంగా వివరించక్కర్లేదు. పరకాయ ప్రవేశం. శంకరాచార్యులు అమరుక మహారాజు దేహంలో ప్రవేశించిన కథ మనలో చాలామంది చిన్నప్పుడే విన్నారు. ఆ కథలో ఉత్కంఠ ఎక్కడుందో ఒకసారి గుర్తు చేసుకోండి. శిష్యులు కాపలా కాస్తున్న పాత శరీరం ఏమైపోతుందో అని ఒక దిగులు. రాజభోగాల్లో పడి తానెవరో తానే మరిచిపోతాడేమో అని ఇంకో దిగులు. వేరే ఒంట్లోకి వెళ్లడానికి ఒక మూల్యముంది, గడువుంది. రాస్‌కి అవేమీ లేవు. అతని పాత శరీరం పోయింది, దాని గురించి బెంగ లేదు. కొత్త ఒళ్లు దెబ్బతిని కూలిపోతే ఇంకోదాంట్లోకి దూకుతాడు. ఆరుగురూ పడిపోతే తప్ప ఆట ముగియదు.

జెరికోలో భయం సన్నగిల్లింది ఇక్కడే అని నా అభిప్రాయం. హారర్ గేములో ఆటగాడు పోగొట్టుకోగలిగింది ఒక్కటే ఉంటుంది, తన ఒళ్లు. అలాంటివి ఆరు చేతిలో పెడితే ఒకటి పోతుందన్న టెన్షన్ ఎక్కడ నిలుస్తుంది? తెర మీద చర్మం ఒలిచిన ఆకారాలు, కొక్కేలకు వేలాడే శవాలు ఎన్నయినా చూపించొచ్చు. అవి రోత పుట్టిస్తాయి. భయం వేరే సంగతి. అయితే ఇదే ఏర్పాటుని అభిమానులు ఇంకోలా చూస్తారు, వాళ్ల మాటలోనూ న్యాయముంది. వాళ్లకి జెరికో భయపడటానికి ఆడిన గేమ్ కాదు, ఆరు రకాల శక్తులిచ్చి ఏ సందులో ఏది వాడాలో తేల్చుకోమన్న గేమ్. చర్చ్‌గా మారి శత్రువుల్ని నేలకి కట్టేసి, వెంటనే బ్లాక్‌లోకి దూకి, ఒకే గుండుని గాల్లో మలుపులు తిప్పుతూ ఒకడి తర్వాత ఇంకొకడి తల పేల్చడం. అది కుదిరిన క్షణంలో వచ్చే తృప్తి నిజమైనదే. నాకైతే గేమ్ మొత్తంలో గుర్తున్నది ఆ గుండు ప్రయాణమే.

అంటే ఒకరు దెయ్యం కోసం వచ్చారు, ఇంకొకరు శక్తుల కోసం వచ్చారు. ఇద్దరూ ఒకే బటన్ గురించి మాట్లాడుతున్నారు. ఒకరికి అది భయాన్ని తీసేసింది, ఇంకొకరికి సరదా తెచ్చిపెట్టింది.

తోటివాళ్లు ఎందుకు తెలివితక్కువగా కనిపిస్తారు

అభిమానులు సైతం సమర్థించలేనిది ఒకటుంది. స్క్వాడ్‌లో మిగతావాళ్లని కంప్యూటరే నడుపుతుంది. గేమ్ దాదాపు మొత్తం ఇరుకు సందుల్లో, చీకటి గదుల్లో సాగుతుంది. శత్రువులు దూరం నుంచి కాల్చడం కంటే మీదికి ఉరకడమే ఎక్కువ. మనవాళ్లు దారికి అడ్డంగా నిలబడతారు, దెబ్బలు తిని కూలిపోతారు. వాళ్లని లేపగలిగేది ఇద్దరే. రాస్ ఎవరి ఒంట్లో ఉన్నాడో ఆ మనిషి, లేదంటే ఫాదర్ రాలింగ్స్. ఫాదర్ కూడా పడిపోయాడంటే ఇక మన పని అంతే. ఇక్కడ ఒకరిని లేపితే అక్కడ ఇద్దరు పడిపోయుంటారు. దెయ్యాల మీద యుద్ధానికని వెళ్లి జనరల్ వార్డులో నైట్ డ్యూటీ చేసినట్టు ఉంటుంది. మధ్యమధ్యలో తెర మీద కనిపించిన బటన్‌ని కనిపించినట్టు టకటకా నొక్కాల్సిన ఘట్టాలు వేరే. ఒక్కటి తప్పితే మళ్లీ మొదటి నుంచి. వాటిని మెచ్చుకున్నవాళ్లు నాకు తారసపడలేదు.

మనవాళ్లని నడిపే ప్రోగ్రామ్ నాసిరకం అని తేల్చేయడం సులువు. కొంతవరకు నిజమే కూడా. కానీ ఇంకో గేమ్‌ని పక్కన పెట్టి చూస్తే కారణం అంత తేలిగ్గా లేదని తెలుస్తుంది. 2005 అక్టోబర్‌లో మోనోలిత్ సంస్థ ‘ఫియర్’ అనే గేమ్ తెచ్చింది. అదీ దెయ్యాలూ తుపాకులూ కలిసినదే. అందులో శత్రు సైనికుల తెలివి గురించి ఆటగాళ్లు ఈరోజుకీ చెప్పుకుంటారు. మనం ఒక గోడ చాటున దాక్కుంటే ఒకడు ఎదురుగా కాలుస్తుంటాడు, ఇంకొకడు చుట్టూ తిరిగి వెనక నుంచి వస్తాడు, మూడోవాడు గ్రెనేడ్ విసురుతాడు. వాళ్లలో వాళ్లు కేకలేసుకుంటారు కూడా.

ఆ సైనికుల బుర్రని తయారుచేసిన జెఫ్ ఆర్కిన్ 2006లో గేమ్ డెవలపర్ల సదస్సులో దాని లోగుట్టు విప్పి చెప్పాడు. ఒక్కో సైనికుడికి కొన్ని లక్ష్యాలుంటాయి: శత్రువుని చంపు, దెబ్బ తగలకుండా చూసుకో. కొన్ని పనులుంటాయి: కాల్చు, లోడ్ చెయ్యి, చాటుకి పో, బల్ల పడగొట్టు. ఏ పని చెయ్యాలంటే ముందు ఏం జరిగి ఉండాలి, చేశాక ఏం మారుతుంది అన్నది మాత్రం ప్రోగ్రామర్ రాసిపెడతాడు. ఏ వరుసలో చెయ్యాలో సైనికుడే అప్పటికప్పుడు లెక్క వేసుకుంటాడు. ఇంతవరకూ నిజమైన తెలివి. మరి జట్టుగా చుట్టుముట్టడం? అది చాలావరకు మన ఊహ. ఇద్దరికీ ముందుకి కదలమని, సురక్షితమైన చాటు వెతుక్కోమని చెబుతారు. గదిలో అలమరాలు, బల్లలు ఎటు పెట్టారన్న దాన్ని బట్టి ఒకడికి వెనక దారి దొరుకుతుంది. మనకి అది వ్యూహంలా కనిపిస్తుంది.

అరుపులు ఇంకా తమాషా. చివరికి ఒక్క సైనికుడే మిగిలితే, అదనపు బలగం పంపమని వాడు అడుగుతాడు. నిజానికి ఆ పిలుపు విని ఎవరూ రారు. అలాంటి ఏర్పాటే గేమ్‌లో లేదు. కానీ మనం తలుపు తీసుకుని ముందుకెళితే ఎలాగూ ఇంకో గుంపు ఉంటుంది. వీళ్లే ఆ బలగం కాబోలు అనుకుంటాం. ఒక వాక్యం రికార్డు చేసినందుకు శత్రువులందరికీ తెలివి అంటగట్టింది ఆటగాడి బుర్రే.

ఈ కిటుకు శత్రువుకి పనిచేసినట్టు స్నేహితుడికి పనిచెయ్యదు. శత్రువు మన కళ్ల ముందు బతికేది కొద్ది క్షణాలు. వాడి తప్పు బయటపడేలోపే వాడు పోతాడు. తోటివాడు గంటల తరబడి మన పక్కనే ఉంటాడు. "నేను వెనక కాస్తాను" అని గోడ వైపు తిరిగి నిలబడితే ఆ అబద్ధం వెంటనే తెలిసిపోతుంది. పైగా శత్రువు చేసిన తెలివితక్కువ పని మనకి లాభం, కాబట్టి పట్టించుకోం. తోటివాడు చేసిన తెలివితక్కువ పనికి మన ప్రాణం పోతుంది, చచ్చినా మర్చిపోం. మెర్క్యురీస్టీమ్ వాళ్లు ఇంకాస్త మంచి ప్రోగ్రామ్ రాసి ఉన్నా ఈ తిట్లలో సగం తప్పేవి కావు.

ఫియర్ ఈ తగువుని ఎలా తీర్చిందో గమనించండి. కథ ప్రకారం మనం ఒక ప్రత్యేక బృందంలో సభ్యులం. గేమ్ పేరే ఆ బృందం పేరు. కానీ ఆడినంతసేపూ పక్కన ఎవరూ ఉండరు. సాయానికి వచ్చిన సైనికులు కాసేపటికి నెత్తురు కారే ఎముకల గూళ్లయి కనిపిస్తారు. మిగిలినవాళ్లు రేడియోలో గొంతులే. జట్టుగా కదలడం, కేకలేసుకోవడం, ఒకరినొకరు కాచుకోవడం, అవన్నీ శత్రువుల చేతిలో పెట్టేశారు. స్క్వాడ్ వాళ్లకి, ఒంటరితనం మనకి. ఆల్మా అనే చిన్నపిల్ల నిచ్చెన దిగేచోట ఎదురుపడితే గుండె జారడానికి కారణం ఆ పిల్ల బొమ్మ ఒక్కటే కాదు. అప్పటికి చాలాసేపటి నుంచి మనతో మాట్లాడే మనిషి ఎదురుగా లేడు.

అదే వరుసలో 2011లో వచ్చిన ‘ఫియర్ 3’లో ఇద్దరు కలిసి ఆడొచ్చు. రెండోవాడు మొదటివాడికి చచ్చిపోయిన తమ్ముడు, ఫెటెల్. అతనూ పరకాయ ప్రవేశమే చేస్తాడు, అదీ శత్రువుల ఒంట్లోకి. అయితే ఇక్కడ గడువుంది. శక్తి తరిగిపోయేలోపు బయటికి వచ్చేయాలి. జెరికోలో లేని మూల్యం ఇక్కడ పెట్టారు. అయినా పాత అభిమానులు సంతోషించలేదు. ఆట బాగుంది గానీ భయం పోయిందన్నారు. ఇద్దరు స్నేహితులు మైకులో మాట్లాడుకుంటూ ఆడితే ఇంకేం భయం ఉంటుంది?

మన పార్లర్‌లో ఆ దెయ్యం

ఇక్కడ మన ఊరి సంగతి ఒకటి చెప్పాలి. ఇలాంటి గేముల మీద బెజవాడ, గుంటూరు కుర్రాళ్ల అభిప్రాయాలు విన్నప్పుడు వాళ్లు ఎక్కడ, ఎలా ఆడారో కూడా అడగాలి. గేమింగ్ పార్లర్‌లో డబ్బు గంట లెక్కన. గంటలో ముగిసే మ్యాచ్ ఆడితే డబ్బు గిట్టుబాటవుతుంది. కథతో నడిచే హారర్‌లో మొదటి అరగంట ఊరికే నడక, చీకటి, చప్పుళ్లు. భయం ఊరడానికి ఆ సమయం కావాలి. మీటర్ తిరుగుతుంటే అదే సమయం దండగ అనిపిస్తుంది. "స్లోగా ఉంది రా" అన్న తీర్పులో కొంత భాగం గేమ్‌ది, కొంత భాగం మీటర్‌ది.

ఇంట్లో ఆడినా కుర్చీ వెనక ఇంకో ముగ్గురు నిలబడి చూడటం మన అలవాటు. అన్న ఆడతాడు, తమ్ముడూ పక్కింటివాళ్లూ సలహాలిస్తారు. "అరేయ్ వెనక వెనక!" ఆ గదిలో ఏ ఆల్మా వచ్చినా నవ్వులే. హెడ్‌ఫోన్ లేదు, స్పీకర్ సౌండ్ పెంచితే లోపలి గదిలోంచి అమ్మ కేక. హారర్‌లో సగం పని చేసేది చప్పుడే. వెనక నుంచి అడుగుల సవ్వడి వినపడకపోతే మిగిలేది బొమ్మలు. జెరికోకి ఈ దెబ్బ ఇంకా గట్టిగా తగిలింది. దాని కథలో చాలా భాగం స్క్వాడ్ వాళ్లు నడుస్తూ, కాలుస్తూ మాట్లాడుకునే మాటల్లోనే ఉంటుంది. వేగంగా పోయే ఆ ఇంగ్లిష్ తుపాకుల మోతలో కలిసిపోతే, ఎవరు ఎవరో, ఎందుకు పోట్లాడుకుంటున్నారో తెలియదు. "కథే లేదు" అనేవాళ్లని కాస్త కదిపితే వాళ్లకి కథ వినపడలేదని తెలుస్తుంది. తెలుగు మీడియంలో చదివి ఆ వయసులో ఆడినవాళ్లకి ఇది మరీ ఎక్కువ. ఇది వాళ్ల తప్పు కాదు. ఆగి చెప్పాల్సిన కథని పరుగులో చెప్పిన గేమ్‌దే తప్పు.

మనవాళ్లు నలుగురు కలిసి ఆడే అలవాటుకి సరిగ్గా సరిపోయింది 2008 నవంబర్‌లో వచ్చిన ‘లెఫ్ట్ 4 డెడ్’. దెయ్యాలు కావు, జాంబీలు. తగువు మాత్రం అదే. గేమ్ చేసిన వాల్వ్ సంస్థ దాన్ని తీర్చిన పద్ధతి చాలా తెలివైనది. తోడుని తీసేయలేదు, తోడు తప్పిపోతే బతకలేని పరిస్థితి కల్పించింది. హంటర్ అనే శత్రువు మీద పడితే మన చేతులు కట్టేసినట్టే. ఎవరో ఒకరు వచ్చి దాన్ని తోసేయాలి. స్మోకర్ నాలుకతో చుట్టి గుంపు నుంచి లాక్కుపోతుంది. నలుగురూ కలిసి ఉన్నప్పుడు నవ్వులు, ఒక్కడు వెనకబడ్డాడంటే గొంతు ఎండిపోవడం. పైగా గేమ్ లోపల ఒక డైరెక్టర్ ప్రోగ్రామ్ కూర్చుని ఒక్కొక్కరి మీద ఒత్తిడి ఎంత పడుతోందో కొలుస్తూ ఉంటుంది. బాగా పెరిగిందనుకుంటే కాసేపు ఊపిరి తీసుకోనిస్తుంది, తర్వాత మళ్లీ గుంపుని వదులుతుంది. అందుకే ఒకే దారిలో రెండోసారి వెళ్లినా అదే చోట అదే శత్రువు ఉంటుందన్న నమ్మకం లేదు. తోటివాడు తెలివితక్కువ పని చేస్తే తిట్టడానికి పక్క కుర్చీలోనే ఉంటాడు. ఆ తిట్టు గేమ్‌కి తగలదు.

2021 డిసెంబర్‌లో పూర్తిస్థాయిలో విడుదలైన ‘జీటీఎఫ్ఓ’ ఇంకో అడుగు ముందుకేసింది. నలుగురూ చీకట్లో నిద్రపోతున్న ఆకారాల మధ్య నుంచి సడి చెయ్యకుండా పోవాలి. వెలుతురు పడినా, చప్పుడైనా అవి లేస్తాయి. ఒక్కడు తొందరపడితే నలుగురికీ చావే. స్క్వాడ్‌లో ఉన్న స్నేహితుడే భయానికి కారణం. ఈ గేమ్ మీద అభిప్రాయాలు కూడా చీలినవే, కానీ చీలిక గీత వేరు. మైక్ ఉండి, రాత్రి ఒకే సమయానికి వచ్చి కూర్చునే ముగ్గురు స్నేహితులున్నవాళ్లు దీన్ని నెత్తిన పెట్టుకుంటారు. లేనివాళ్లు మొదటి మెట్టులోనే వదిలేస్తారు. గేమ్ ఒక్కటే, ఆడినవాడి చుట్టూ ఉన్న మనుషులు వేరు.

కంప్యూటర్ నడిపే తోటివాళ్లతోనే భయం పుట్టించాలని నిజాయితీగా ప్రయత్నించింది 2002లో వచ్చిన ‘ద థింగ్’. మంచు ఎడారిలో మనతో ఉన్నవాళ్లలో ఎవరు మనిషో, ఎవరు మనిషి రూపంలో ఉన్న భూతమో తెలియదు. వాళ్లకీ మన మీద అనుమానమే. తుపాకీ చేతికిచ్చి నమ్మకం సంపాదించుకోవాలి. స్క్వాడ్‌నే దెయ్యంగా మార్చిన ఆ ఊహ అద్భుతం. అయితే కథలో ఫలానా చోట ఫలానా మనిషి మారాలని కొన్నిచోట్ల ముందే రాసిపెట్టారు. రక్తపరీక్షలో మంచివాడని తేలిన మనిషి మరుక్షణమే భూతమైపోతే ఆటగాడికి కడుపు మండదా? ఊహకి నూటికి నూరు వేసినవాళ్లూ, మోసం చేశారన్నవాళ్లూ ఇద్దరూ సరైనవాళ్లే.

అంకెల్ని ఎలా చదవాలి

అభిప్రాయాలు ఇలా రకరకాలుగా ఉన్నప్పుడు వాటిని ఒక అంకెలోకి కుదిస్తే చాలా సంగతులు పోతాయి. పీసీ గేములు అమ్మే ఆన్‌లైన్ దుకాణం స్టీమ్‌లో ఆటగాడికి ఉన్నవి రెండే మాటలు: సిఫారసు చేస్తాను, చెయ్యను. సిఫారసు చేసినవాళ్లు నూటికి 40 నుంచి 69 మంది దాకా ఉంటే మిక్స్‌డ్ అని చూపిస్తుంది. 70 దాటితే మోస్ట్లీ పాజిటివ్, రివ్యూలు తగినన్ని ఉండి 80 దాటితే వెరీ పాజిటివ్. మిక్స్‌డ్ అని కనపడగానే ‘ఓ మోస్తరు గేమ్’ అనుకుంటాం. నిజానికి ఆ శాతం గేమ్ ఎంత బాగుందో చెప్పడం లేదు, ఎంతమందికి నచ్చిందో చెబుతోంది. సగం మంది ప్రాణం పెట్టి ఆడిన గేమూ, అందరికీ కాస్త కాస్త నచ్చీ నచ్చని గేమూ ఒకే మాట కింద కనపడతాయి. విమర్శకుల సగటులో ఇబ్బంది దీనికి తిరగబడి ఉంటుంది. అక్కడ 40 ఇచ్చినవాడూ 80 ఇచ్చినవాడూ కలిసి 60 అవుతారు, ఇద్దరి కారణాలూ మాయమవుతాయి.

అందుకే నేను రివ్యూలో ముందు చూసేది గంటలు. రాసే నాటికి ఎంతసేపు ఆడాడో స్టీమ్ పక్కనే చూపిస్తుంది. 2015 నుంచి కొన్న 14 రోజుల్లోపు, 2 గంటలకి మించి ఆడకపోతే డబ్బు వెనక్కి తీసుకోవచ్చు. కాబట్టి చాలామంది తీర్పు ఆ 2 గంటల్లోనే తేలిపోతుంది. జెరికో లాంటి గేములకి ఇది నష్టం. తొలి భాగంలో అది మామూలు షూటర్‌లాగే, అంటే తుపాకీతో కాల్చుకుంటూ పోయే గేమ్‌లాగే ఉంటుంది. రాస్ చచ్చి, ఆరుగురి శక్తులు ఒక్కొక్కటిగా చేతికి వచ్చి, వాటిని జత కలపడం అలవాటయ్యేసరికి తొందరపడినవాడు ఎప్పుడో లేచిపోయుంటాడు. చివరిదాకా ఆడినవాడికి ఇంకో కోపం ఉంటుంది: ముగింపు మధ్యలో తెగిపోయినట్టుంటుంది. అలా ఇద్దరూ సిఫారసు చెయ్యం అనే అంటారు. కారణాలు చూస్తే ఒకరిది ఆకలి, ఇంకొకరిది అజీర్తి.

రెండో విషయం, ఎప్పుడు ఆడాడు, ఎంత పెట్టాడు. విడుదలైనప్పుడు పూర్తి ధర పెట్టి, అదే ఏడాది వచ్చిన పెద్ద షూటర్లతో పోల్చుకున్నవాడి అభిప్రాయం వేరు. ఏళ్ల తర్వాత సేల్‌లో ఒక బిర్యానీ ధరకి కొని, ఆదివారం మధ్యాహ్నం సరదాగా ఆడినవాడి అభిప్రాయం వేరు. రెండోవాడికి బటన్లు నొక్కే ఘట్టాలు కూడా పాతకాలపు ముచ్చటగా తోస్తాయి. డబ్బు కోపాన్ని పెంచినట్టే, చవక దయని పెంచుతుంది. పాత గేములు ఉన్నట్టుండి మంచివైపోయాయని అనిపించడంలో సగం రహస్యం ఇదే.

నా మట్టుకు నేను జెరికోని బ్రాడీపేట తమ్ముళ్లెవరైనా అడిగితే ఆడమనే చెబుతాను, హారర్ అని మాత్రం చెప్పను. ఆరుగురు మంత్రగాళ్ల షూటర్ అని చెబుతాను. ఫాదర్ రాలింగ్స్‌ని ఎప్పుడూ వెనకే ఉంచమని, ఆయన పడిపోతే మిగతావన్నీ వదిలేసి ముందు ఆయన్ని లేపమని చెబుతాను. భయమే కావాలంటే ఫియర్, తలుపేసుకుని, హెడ్‌ఫోన్ పెట్టుకుని, వెనక ఎవరూ లేకుండా.

మెర్క్యురీస్టీమ్ సంగతికొస్తే, 2017లో ‘రైడర్స్ ఆఫ్ ద బ్రోకెన్ ప్లానెట్’ అని మళ్లీ ఒక జట్టు గేమ్ చేసింది. అందులో జట్టంటే నెట్‌లో కలిసిన నలుగురు మనుషులు, వాళ్లకి అడ్డుపడే శత్రువుగా ఐదో మనిషి. 2021లో అదే సంస్థ నింటెండో కోసం ‘మెట్రాయిడ్ డ్రెడ్’ చేసింది. దెయ్యాలు లేవు, స్క్వాడ్ లేదు. కథానాయిక సేమస్ ఒక్కతే. మామూలు తుపాకీ దెబ్బలకి చెక్కుచెదరని రోబోలు ఆమె అడుగుల చప్పుడు విని వెంటపడతాయి, దొరికితే దాదాపు చావే. జెరికో మొత్తంలో దొరకని భయం ఆ సంస్థ చేతుల్లోంచే అక్కడ దొరుకుతుంది.